హీరోయిన్ అస్సలు నచ్చకపోయినా నవల చదువుతారా?

ప్రశ్న: నమస్కారం అండి. 1860ల ఇంగ్లాండ్‌లో ఒక పల్లెటూరి బంగళా, రాత్రిపూట ఇంట్లో హత్య, ఇలా ఒక సీరియల్ రాస్తున్నా. నా హీరోయిన్‌కి 16 ఏళ్ళు, మొండిది, అబద్ధాలాడుతుంది, కక్ష మనసులో దాచుకునే రకం. ఐదు చాప్టర్లు చదివిన మా అక్క "దీన్ని చూస్తే ఒళ్ళు మండుతోందే, ఎవరు చదువుతారు" అంటోంది. కాస్త మంచిదాన్ని చెయ్యనా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా, ఆ పని మాత్రం చెయ్యకండి. ఒళ్ళు మండుతోందంటూనే మీ అక్కగారు ఐదు చాప్టర్లూ చదివేశారు కదా. మనకి నచ్చని మనిషైనా సరే, తర్వాత ఏం చేస్తుందో అన్న భయం ఉంటే పుస్తకం పక్కన పెట్టలేం.

మీ కథకి చాలా దగ్గరగా ఉన్న కేసు ఒకటి నిజంగా జరిగింది. విల్ట్‌షైర్, సోమర్సెట్ కౌంటీల సరిహద్దులో రోడ్ అని ఒక ఊరు, అక్కడ రోడ్ హిల్ హౌస్ అనే బంగళా. ఇంటాయన శామ్యూల్ కెంట్, ఫ్యాక్టరీల సబ్-ఇన్‌స్పెక్టర్, మొదటి భార్య పోయాక ఇంట్లో గవర్నెస్‌గా, అంటే ఇంట్లోనే ఉండి పిల్లలకి చదువు చెప్పే మనిషిగా, ఉన్నావిడనే పెళ్ళి చేసుకున్నాడు. 1860 జూన్ 29 రాత్రి ఆ ఇంట్లో 12 మంది పడుకున్నారు, భార్యాభర్తలు, మొదటావిడ పిల్లలు నలుగురు, రెండో ఆవిడ పిల్లలు ముగ్గురు, పనివాళ్ళు ముగ్గురు. తెల్లారేసరికి రెండో ఆవిడ కొడుకు శావిల్, ఇంకా నాలుగేళ్ళు కూడా నిండలేదు, మంచం మీద లేడు. ఆయా ఖాళీ మంచం చూసి తల్లి తీసుకెళ్ళుంటుందిలే అనుకుంది. చివరికి తోటలో పనివాళ్ళు వాడే మరుగుదొడ్డిలో దొరికాడు, గొంతు కోసి ఉంది, పక్కనే దుప్పటి. ఇంటి తలుపులకి రాత్రి గడియలు పెట్టారు, డ్రాయింగ్ రూం కిటికీ మాత్రం తెరిచి ఉంది, బయటినుంచి ఎవరూ బలవంతంగా వచ్చిన గుర్తుల్లేవు. అంటే చంపింది ఆ రాత్రి ఆ కప్పు కిందే పడుకున్న మనిషి.

అనుమానం మొదటావిడ కూతురు కాన్‌స్టెన్స్ మీదకి వెళ్ళింది, మీ హీరోయిన్ లాగే 16 ఏళ్ళ పిల్ల. 12 ఏళ్ళప్పుడే జుట్టు కత్తిరించుకుని మగపిల్లాడి బట్టలేసుకుని సొంత తమ్ముడితో ఇంట్లోంచి పారిపోయింది, ఆ కత్తిరించిన జుట్టు, విప్పిన బట్టలు పడేసింది ఎక్కడో తెలుసా, అదే మరుగుదొడ్డిలో.

ఇక నైట్‌గౌన్ సంగతి. ఆమెకి ఉన్నవి మూడు, వాటిలో ఒకటి లేదు. మన ఇళ్ళల్లో చాకలి పద్దు రాసుకున్నట్టే వాళ్ళూ ఉతుకుడు బట్టలకి లిస్టు రాస్తారు, లిస్టులో గౌను ఉంది, బట్టలు ఉతికే ఆవిడ మూట విప్పితే లేదు. హత్య తర్వాత సోమవారం పనమ్మాయి బట్టలు బుట్టలో సర్దుతుంటే కాన్‌స్టెన్స్ వచ్చి నా పర్సు ఏ జేబులోనైనా ఉండిపోయిందేమో చూడు అంది, తర్వాత గ్లాసుడు మంచినీళ్ళు తెమ్మంది. ఆ కాసేపట్లో లిస్టుకెక్కిన మరక లేని గౌనుని వెనక్కి తీసేసుకుందని ఈ కేసు చూసిన డిటెక్టివ్ అంచనా. ఎందుకంటారా, మరకపడ్డ గౌను అప్పటికే నాశనం చేసింది కాబట్టి ఒకటి తక్కువ వస్తుంది, ఆ తక్కువకి కారణం ఉతికే ఆవిడ పారేసుకోవడమే అనిపించాలి. ఒక బీదావిడ మీదకి నింద తోసెయ్యడానికి గ్లాసుడు నీళ్ళు సరిపోయాయి! చదువుతుంటే అసహ్యమేస్తుంది, కానీ ఆ తెలివి చూశాక పేజీ తిప్పకుండా ఉండలేం. మీ హీరోయిన్‌కి కావాల్సింది ఇలాంటి సీన్లు, చీటికీ మాటికీ విసుక్కోవడం, కసరడం రాస్తే నిజంగానే విసుగొస్తుంది.

ఇంకో మాట, ఆమెకి సాకులు ఇవ్వకండి. కాన్‌స్టెన్స్ 1865లో తనంతట తనే లండన్ వచ్చి నేరం ఒప్పుకుంది. సవతి తల్లి బాధలు పెట్టుంటుంది పాపం అని జనం అనుకుంటుంటే, ఇంట్లో నన్ను ప్రేమగా ఓర్పుగానే చూశారు, తప్పు నా ఒక్కదానిదే అని తన లాయర్ చేత కోర్టులో చెప్పించింది. మనం జాలి పడటానికి ఉన్న దారి తనే మూసేసింది. ఉరిశిక్ష పడి, యావజ్జీవంగా మారి, 20 ఏళ్ళు జైల్లో ఉండి 1885లో విడుదలై, ఆస్ట్రేలియా వెళ్ళి పేరు మార్చుకుని నర్సుగా పనిచేసి 1944లో 100 ఏళ్ళ వయసులో పోయింది. ఆమెని ప్రేమించమని ఎవరూ అడగలేదు, అయినా ఇన్నేళ్ళుగా మనుషులు ఆమె గురించి ఆలోచిస్తూనే ఉన్నారు.

అన్నట్టు శావిల్‌ని మాత్రం మర్చిపోకండమ్మా. చాలా మిస్టరీల్లో చచ్చిపోయిన మనిషి మొదటి చాప్టర్ తర్వాత మాయమైపోతాడు, నాకు అది చాలా బాధ. ఆ పిల్లాడు బతికుండగా రెండు మూడు సీన్లలో కనపడాలి, ఆడుకోవాలి, అప్పుడే మీ హీరోయిన్ మీద మన కోపానికి బరువు వస్తుంది.

ప్రశ్న: డిటెక్టివ్ కరెక్ట్‌గా కనిపెట్టాక చివర్లో గెలవాల్సిందేనా?
- ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: అక్కర్లేదండి, పైన చెప్పిన కేసే చూడండి. ఆ కేసు చూసిన డిటెక్టివ్ జాక్ విచర్, 1842లో స్కాట్లాండ్ యార్డ్ (లండన్ పోలీసులు) డిటెక్టివ్ శాఖ పెట్టినప్పటి మొదటి ఎనిమిది మందిలో ఒకడు. 1860 జులై 20న ఆయన కాన్‌స్టెన్స్‌ని అరెస్టు చేస్తే వారం తిరక్కుండా వదిలేశారు, పెద్దింటి పిల్ల మీద కింది తరగతి పోలీసోడు నింద వేస్తాడా అని పేపర్లు విరుచుకుపడ్డాయి. లోకల్ పోలీసులకి వంటింటి బాయిలర్ కింద రక్తం మరకలున్న లోపలి గౌను ఒకటి దొరికింది, దాన్ని పోగొట్టుకుని ఆయనకి ఆ సంగతే చెప్పకుండా దాచారు, ఆ విషయం చదివినప్పుడల్లా నాకు మండుతుంది. 1864లో ఆయన ఉద్యోగం వదిలేశాడు, తర్వాతి ఏడాది ఆమె ఒప్పుకుంది. ఆయన చెప్పింది నిజమే అయింది, కాకపోతే పోయిన పరువుకి అది చాలా ఆలస్యం.

ప్రశ్న: (తెనాలి పాఠకురాలిదే) కథని మన జమీందారు బంగళాకి మార్చెయ్యమని కొందరు అంటున్నారు, మార్చనా?

జవాబు: నా మాట వింటే ఇంగ్లాండ్‌లోనే ఉంచండి. జూన్ రాత్రి మన దగ్గర డాబా మీదో మండువాలోనో వరసగా మంచాలేసుకుని పడుకుంటారు, ఎవరు లేచినా పక్క మంచం వాళ్ళకి తెలుస్తుంది. ఈ హత్యకి మూసుకున్న గదులు కావాలి. ముందు ఆ ఇంటి ప్లాన్ కాగితం మీద గీసుకోండి. రోడ్ హిల్ హౌస్‌లో మధ్య అంతస్తులో తండ్రి, సవతి తల్లి, వాళ్ళ చిన్నపిల్లలు పడుకునేవాళ్ళు, మొదటావిడ పిల్లల గదులు పై అంతస్తులో, పనివాళ్ళ గదుల పక్కన. మీ పిల్ల రోజూ రాత్రి కొవ్వొత్తి పట్టుకుని సవతి తమ్ముడి గది దాటి ఆ మెట్లెక్కాలి, ఆరో చాప్టర్ అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.