మీరడిగారు: సెల్‌ఫోన్ కొనుక్కోవాలా, లేకుండా గడిచిపోతుందా?

ప్రశ్న: రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను, వయసు 68. విశాఖ మర్రిపాలెంలో సొంతిల్లు, నేనూ మా ఆవిడా ఉంటాం. ఇన్నేళ్లూ సెల్‌ఫోన్ లేకుండానే గడిచింది. ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంది, కావాల్సినవాళ్లు దానికే చేస్తారు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి స్మార్ట్‌ఫోన్ కొనిపెడతానని ఒకటే పట్టు. బస్సులో, గుడిలో, పెళ్లిలో ఎక్కడ చూసినా జనం తల వంచుకుని దాన్నే చూస్తుంటే నాకు ఆ యావ పట్టకూడదనే అనిపిస్తుంది. కాకపోతే ఈ మధ్య ఒక చిక్కొచ్చింది. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు కోడ్ చెప్పమంటాడు. ఆ కోడ్ మా వాడి ఫోన్‌కి వెళ్తుంది, వాడేమో మీటింగ్‌లో ఉంటాడు. ఇంతమాత్రానికి ఫోను కొని నెలనెలా రీచార్జి పెట్టుకోవడం దండగ కాదా?
- ఒక పాఠకుడు, మర్రిపాలెం

జవాబు: కొనుక్కోండి బాబాయ్ గారూ. కాకపోతే మీ అబ్బాయి కొనిపెడతానంటున్నది కాదు, నంబర్లు నొక్కే కీప్యాడ్ ఫోను చాలు. సిమ్ మాత్రం మీ పేరు మీదే తీసుకోండి.

మీ ఉత్తరంలో అసలు సంగతి గ్యాస్ బండ దగ్గర బయటపడింది. ఆ కుర్రాడు బండ గుమ్మం ముందు దించి నిలబడి ఉంటాడు, మీరు లోపలికి పరుగెత్తి ల్యాండ్‌లైన్‌లో బెంగళూరు కలుపుతారు, అవతల మీవాడు కట్ చేస్తాడు, మళ్లీ కలుపుతారు, ఈలోగా బయట్నుంచి 'సార్, ఇంకా చాలా ఇళ్లున్నాయి' అని కేక. మీకు సెల్‌ఫోన్ లేదని మీరనుకుంటున్నారు గానీ, ఉంది. మీ అబ్బాయి జేబులో ఉంది. గ్యాస్ కంపెనీ, బ్యాంకు, ఆధార్, అందరి దగ్గరా మీకు ఒక మొబైల్ నంబరు ఉంది, అది మీ చేతిలో లేదు, అంతే తేడా. మీ పెన్షన్ పడే ఖాతాలోంచి డబ్బు కదిలితే ఆ మెసేజ్ ముందు చూసేది మీరు కాదు. అబ్బాయి మంచివాడే కావచ్చు, నాకు ఆ అనుమానమేం లేదు. కానీ సొంతింటి తాళంచెవి వేరే ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గర పెట్టి, ప్రతిసారీ ఫోన్ చేసి తలుపు తీయించుకోవడం 68 ఏళ్ల మనిషికి ఏం సుఖం చెప్పండి. ఏటా నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ డిజిటల్‌గా చేయించుకోవాలన్నా మొబైల్ నంబరు అడుగుతారు. ఆస్పత్రిలో ఓపీ చీటీకీ అదే అడుగుతున్నారు. ఇదంతా ఇలా ఉండాలా అంటే, ఉండకూడదనే నేనూ అంటాను. నంబరు లేదన్న కారణంతో ఏ పౌరుడికీ పని ఆగకూడదు. కానీ ఆ మాట ప్రభుత్వంతో, బ్యాంకులతో గట్టిగా అనాల్సిందే, అంతవరకూ మీ పనులు ఆపుకుని కూర్చోలేరు కదా.

ఖర్చు సంగతి. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జులై 31న, కోల్‌కతా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కి చేశారు. ఆ రోజుల్లో రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది, మనకి ఎవరైనా చేసినా మన డబ్బే పోయేది. వచ్చే కాల్స్‌కి డబ్బు తీసుకోవడం ఆగింది 2003లోనే. మీరు ఉద్యోగంలో ఉన్నప్పుడు సెల్‌ఫోన్ అంటే పెద్దవాళ్ల సోకు అనుకున్నారంటే అందులో తప్పేం లేదు, అప్పుడది నిజమే. ఇప్పుడు లెక్క వేరు. కీప్యాడ్ ఫోను రెండు వేల లోపే దొరుకుతుంది. ఇంటర్నెట్ అక్కర్లేనివాళ్ల చేత కూడా డేటా ప్యాక్ కొనిపిస్తున్నారని గొడవయ్యాక, కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు పెట్టాల్సిందేనని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. 2025 జనవరిలో అవి వచ్చినప్పుడు పెద్ద కంపెనీల ధర 84 రోజులకి సుమారు 450, 470 రూపాయల మధ్య ఉంది, అంటే నెలకి సుమారు 160. షాపువాడు ఇవి తనంతట తాను చెప్పడు, చెప్పినా 'రోజుకి జీబీన్నర డేటా వస్తుంది సార్, కొంచెమే ఎక్కువ' అని పెద్దదే అంటగడతాడు. మీరే నోరు తెరిచి 'డేటా వద్దు, కాల్స్ ప్లాన్ ఇవ్వు' అని అడగండి, ఇవాళ్టి ధర ఎంతో కనుక్కోండి. ఇంకో మాట, ఫోను 4జీ కీప్యాడ్‌దే తీసుకోండి. ఇంట్లో మూలపడి ఉన్న పాత 2జీ ఫోన్లో జియో సిమ్ అసలు పనిచేయదు.

సిమ్ వచ్చాక మొదట బ్యాంకు బ్రాంచికి వెళ్లి ఖాతాకి కొత్త నంబరు పెట్టించండి, తర్వాత ఆధార్ కేంద్రం, తర్వాత గ్యాస్ ఏజెన్సీ. ఒక్క వారం తిరుగుడే. ఆపైన నంబరు వదిలేయకూడదు. 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ దాన్ని రద్దు చేయొచ్చు, ఇంకో 90 రోజులు పోయాక వేరే ఎవరికైనా ఇచ్చేయొచ్చు. బ్యాంకుకి కట్టిన నంబరు అలా ముక్కూమొహం తెలియని మనిషి చేతికి పోవడం ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కర్లేదు.

స్మార్ట్‌ఫోన్ ఎందుకు వద్దంటున్నానంటే, మీకే ఇష్టం లేదు కాబట్టి. అది చాలదా? అదీగాక 'మేం పోలీసులం, మీ ఆధార్ మీద కేసుంది, కెమెరా ముందునుంచి కదలొద్దు' అని వీడియో కాల్‌లో గంటల తరబడి బెదిరించి డబ్బు లాగేవాళ్లు రిటైరైన పెద్దవాళ్లనే ఎక్కువగా వెతుక్కుంటున్నారు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. కీప్యాడ్ ఫోన్‌కీ అలాంటి కాల్ రావచ్చు, వస్తే పెట్టేయండి, ఎంత మర్యాదగా మాట్లాడినా పెట్టేయండి. ఓటీపీ అడిగినవాడికి మాత్రం కన్నకొడుకు పేరు చెప్పినా ఇవ్వొద్దు, మీరే తిరిగి వాడి నంబరుకి చేసి కనుక్కోండి. ఒకవేళ డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ.

ల్యాండ్‌లైన్ చాలు కదా అంటారేమో. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్ గొప్పదే, ఎక్స్ఛేంజి నుంచే కరెంటు వచ్చేది కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా మోగేది. ఇప్పుడు చాలా ఇళ్లకి ఫైబర్ వేశారు. ఇంట్లో పెట్టిన పెట్టెకి కరెంటు ఆగితే ఫోనూ ఆగుతుంది, మీది ఏ రకమో చూసుకోండి. అలాగని సెల్‌ఫోన్ ఉంటే ఇక భయం లేదని నేననను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఎలా విరుచుకుపడిందో విశాఖవాళ్లెవరూ మర్చిపోరు. టవర్లకి కరెంటు లేదు, కొన్ని కూలిపోయాయి, చేతిలో ఫోనున్నా పక్క వీధిలో అన్నదమ్ములు బతికున్నారో లేదో నడిచి వెళ్లి చూసుకోవాల్సొచ్చింది. అందుకే ముఖ్యమైన నంబర్లు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. దారిలో మీకేమైనా అయి ఎవరో 108కి చేస్తే, ఇంట్లోవాళ్లకి కబురు చెప్పేది ఆ కాగితమే.

మీ ఉత్తరంలో నాకు వెలితిగా తోచిందొకటి చెప్తాను, ఏమీ అనుకోకండి. మీ ఆవిడ ఏమంటున్నారో అందులో ఒక్క ముక్క కూడా లేదు. మీరు సింహాచలం వెళ్లి, దర్శనం లేటై, కొండ దిగేసరికి బస్సు దొరక్క చీకటి పడితే ఇంట్లో గేటు దగ్గరికీ వంటింట్లోకీ తిరిగేది ఆవిడే. మీకు కాల్ చేయాల్సిన అవసరం లేకపోవచ్చు, ఆవిడకి ఉంటుంది. నెలకి 160 రూపాయలు దండగో కాదో ఆవిడని కూర్చోబెట్టి అడగండి. అసలైతే సిమ్‌లు రెండు తీసుకోండి, ఒకటి ఆవిడ పేరు మీద, ఆవిడ బ్యాంకు పుస్తకానికి. ఆవిడకి మనవలతో వీడియోలో మాట్లాడాలని ఉంటే స్మార్ట్‌ఫోన్ ఆవిడకి కొనిపెట్టమనండి, మీ అబ్బాయి ముచ్చటా తీరుతుంది. మీ ఇష్టం ఆవిడ మీద రుద్దకండి.

ప్రశ్న: మా పాప ఇంటర్ సెకండియర్. గాజువాక నుంచి ద్వారకానగర్‌లో కాలేజీకి బస్సులో వెళ్లొస్తుంది. ఒక్కోరోజు స్టడీ అవర్ అయ్యేసరికి ఏడున్నర దాటుతోంది, నాకు ఇంట్లో ఒకటే టెన్షన్. ఫోన్ కొందామంటే వాళ్ల నాన్న చదువు పాడైపోతుందని ఒప్పుకోవట్లేదు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, గాజువాక

జవాబు: మీరిద్దరూ చెప్పేది నిజమే, ఎందుకంటే మీరిద్దరూ రెండు వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారు. మీకు కావాల్సింది 'అమ్మా, బస్సెక్కాను' అన్న మాట. ఆయన భయపడుతున్నది రాత్రి దుప్పటి కింద ఆగకుండా వచ్చిపడే చిన్న చిన్న వీడియోల గురించి, ఆ భయం ఉత్తిది కాదు. పబ్లిక్ పరీక్షలు పెట్టుకుని ఆ రెండోది పిల్లకి ఇవ్వొద్దు. మొదటిది మాత్రం ఈ వారమే ఇవ్వండి, కీప్యాడ్ ఫోను. 18 నిండనివాళ్లకి సిమ్ ఇవ్వరు కాబట్టి మీ పేరు మీదే తీసుకోవాలి. కాలేజీలో ఫోను తేవొద్దన్న రూలుంటే ముందే వెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి, గేటు దగ్గర ఇచ్చి సాయంత్రం తీసుకునే ఏర్పాటైనా చేయమనండి. పిల్లని చీకటి పడేదాకా ఉంచుకునేవాళ్లు ఆ మాత్రం బాధ్యత తీసుకోవాలి.

ఇంటికి తెచ్చాక పాప చేత ఒకటి అలవాటు చేయించండి. 2017 నుంచి అమ్మే కీప్యాడ్ ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే 112 అత్యవసర నంబరుకి వెళ్లేలా ఉండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. కొనేటప్పుడు ఏ అంకెకి పెట్టారో షాపులోనే అడిగి తెలుసుకోండి. నోట్స్, గ్రూపు మెసేజ్‌లు మీ ఫోన్‌కి రానివ్వండి, చూసుకుని రాసుకుంటుంది. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) దరఖాస్తులకీ మీ నంబరే ఇవ్వండి. ఇక ఆ స్టడీ అవర్ కాస్త ముందు ముగించమని నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే బాగుంటుంది, పిల్ల భద్రత ఒక్క ఫోను మీద వదిలేసేది కాదు.

ప్రశ్న: నాది జాలరిపేట. హార్బర్లో చేపలు కొని గంపతో వాల్తేరు వీధుల్లో అమ్ముతాను. అందరూ ఫోన్‌పే ఉందా అని అడుగుతున్నారు, లేదంటే పక్కామె దగ్గరికి పోతున్నారు. డ్వాక్రా కబుర్లు కూడా వాట్సాప్‌లోనే పెడుతున్నారు. పన్నెండు వేల ఫోను ఈఎంఐలో ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా? (మా అక్క కూతురి చేత రాయిస్తున్నాను.)

జవాబు: ఫోను తీసుకోమ్మా. పైన పెద్దాయనకి స్మార్ట్‌ఫోన్ వద్దన్నాను, నీకు కావాలంటున్నాను, ఎందుకంటే నీకది సరదా కాదు, గంప, తక్కెడ ఎలాగో ఇదీ అలాగే వ్యాపార సామాను. బేరం కుదిరాక చిల్లర లేక, ఫోన్‌పే లేక పోయే గిరాకీ ఒక్కొక్కటీ నీ కూలే. కేరళ ఉత్తరాన కవలు (సార్డిన్ చేపలు) పట్టే జాలరుల మీద రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. అక్కడ సెల్‌ఫోన్లు వచ్చాక పడవవాళ్లు ఒడ్డుకి రాకముందే ఏ రేవులో ఏ ధర పలుకుతోందో కనుక్కోవడం మొదలుపెట్టారు. కొనేవాళ్లు లేక సముద్రంలో పారబోసే చేప ఆగింది, జాలరి లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకి ధర 4 శాతం దాకా తగ్గింది. నువ్వూ తెల్లారి హార్బర్‌కి పోయేముందు అక్కడున్న తోటి మనిషికి ఒక్క ఫోన్ చేసి ఇవాళ వంజరం ఎలా ఉంది, కానాగంతలు దిగాయా అని అడిగితే, ఆ రోజు చేతిలో ఎంత పెట్టుకుని వెళ్లాలో తెలుస్తుంది.

ఈఎంఐ మాత్రం వద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం, ఆ 61 రోజులు సరుకు తగ్గి ధర మండిపోతుంది, నీకు గిట్టుబాటు ఉండదు. కిస్తీకి మాత్రం నిషేధం లేదు. కట్టకపోతే ఫోను దూరం నుంచే లాక్ చేసేవాళ్లున్నారు, అప్పుడు నీ గిరాకీ డబ్బులు చూసుకునే దారీ పోతుంది. పన్నెండు వేలది నీకు అక్కర్లేదు కూడా. ఏడెనిమిది వేలల్లో దొరికేది నీ పనికి సరిపోతుంది, డ్వాక్రా సంఘంలో అప్పు అడిగితే బయటి ఫైనాన్స్ కన్నా వడ్డీ తక్కువ పడుతుంది. నిషేధం ముగిశాక, వేట మొదలయ్యాక తీసుకుంటే ఇంకా నయం.

డబ్బులు తీసుకునేటప్పుడు రెండు మాటలు బాగా గుర్తుపెట్టుకో. నీకు డబ్బు రావడానికి నువ్వు పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు, కొట్టమన్నవాడు దొంగే. కొన్నవాళ్లు తమ ఫోన్లో పచ్చ టిక్కు చూపిస్తే సరిపోదు, నీ ఫోన్లో మెసేజ్ గానీ, ఎంత వచ్చిందో చెప్పే గొంతు గానీ వినపడాలి, వినపడేదాకా చేప సంచి చేతిలోనే ఉంచుకో, ఎంత తెలిసినవాళ్లయినా సరే. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే నీ అక్క కూతుర్ని వెంట తీసుకెళ్లు. ఫోన్లో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెల నంబరొకటి వస్తుంది, దాన్ని సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే దొంగ ఫోనని ఎవరైనా బ్లాక్ చేయించారో లేదో తెలిసిపోతుంది. బిల్లు లేకుండా ఇస్తానంటే రెండు వేలకే ఇస్తానన్నా తీసుకోకు.