ఆల్-ఇన్-వన్‌లో గ్రాఫిక్స్ కార్డు కోసం చిట్టీ పాడాలా?

ప్రశ్న: దేవరకొండలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి వీడియోలు నేనే ఎడిట్ చేస్తాను. 2020లో కొన్న ఆల్-ఇన్-వన్ కంప్యూటర్ (ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్) బాగా స్లో అయింది. గ్రాఫిక్స్ కార్డు వేస్తే సరిపోతుందని, 40 వేలు అవుతుందని, సగం అడ్వాన్స్ ఇమ్మని ఒకాయన అన్నారు. లక్ష రూపాయల చిట్టీ ఉంది. ఇప్పుడు పాడితే 15 వేలు పోతాయి. లేదంటే రెండు రూపాయల మిత్తికి అప్పు దొరుకుతుంది. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు. ముందు ఆ అడ్వాన్స్ ఆపండి.

టవర్ డెస్క్‌టాప్‌లో అయితే కార్డు కోసం స్లాట్ ఉంటుంది, లోపలే పవర్ సప్లై ఉంటుంది. ఆల్-ఇన్-వన్ అలా కాదు. స్క్రీన్ వెనక ఒక ల్యాప్‌టాప్‌ను బిగించినట్టే. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది, లేదా ఆ చిప్‌ను మదర్‌బోర్డుకే టంకం వేసి ఉంటారు. కరెంటు ఎక్కువగా వచ్చేది ల్యాప్‌టాప్‌కు ఉన్నట్టు ఒక అడాప్టర్ నుంచి. చాలావాటిలో అది 90 నుంచి 150 వాట్లు. ఆర్‌టీఎక్స్ 3060 కార్డు ఒక్కటే 170 వాట్లు తీసుకుంటుంది. పైగా దాన్ని పెట్టే చోటు లేదు, వేడి బయటికి పోయే దారి లేదు. 2011 నాటి ఐమ్యాక్ లాంటి కొన్ని పాత మోడళ్లలో ఎంఎక్స్‌ఎం అనే చిన్న కార్డు ఊడదీసి మార్చే వీలుంది. బయట డబ్బాలో కార్డు పెట్టి కలపాలంటే థండర్‌బోల్ట్ అనే వేగమైన పోర్టు కావాలి, డబ్బా ఖర్చు వేరే. అందుకే ఆయన్ని ఒక్కటే అడగండి: నా మోడల్‌లో ఏ కార్డు, ఏ స్లాట్‌లో కూర్చుంటుంది? కాగితం మీద రాసివ్వమనండి.

నా అంచనాలో మీ ఇబ్బంది ర్యామ్‌దీ, హార్డ్ డిస్క్‌దీ. ఎడిటింగ్ నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూడండి. మెమరీ, డిస్క్ వంద శాతం దగ్గర ఆగిపోయి, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఖాళీగా ఉంటే కొత్త కార్డు మీకు ఏమీ చేయదు. అప్పుడు హార్డ్ డిస్క్ బదులు దానికన్నా చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించి, మోడల్ ఒప్పుకుంటే ర్యామ్ 16 జీబీకి పెంచండి. ర్యామ్ ధరలు ఈమధ్య బాగా పెరిగాయి, రెండు మూడు చోట్ల అడగండి. ముహూర్తాలు లేని ఆషాఢంలో ఈ పని పెట్టుకోండి. డిస్క్ మార్చే ముందు ఫుటేజ్ మొత్తం వేరే డ్రైవ్‌లోకి తీసుకోండి. అవి ఇంకొకరి ఇంటి పెళ్లి జ్ఞాపకాలు, పోతే ఎంత డబ్బు పెట్టినా తేలేరు. అప్పటిదాకా ప్రాక్సీ ఫైళ్లతో, అంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే తక్కువ క్వాలిటీ నకళ్లతో ఎడిట్ చేయండి. పైసా ఖర్చు లేదు.

ఇక డబ్బు సంగతి. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. 40 వేలకు నెలకు 800, ఏడాదికి 9,600. అసలు మాత్రం అలాగే ఉంటుంది. చిట్టీ పాడితే 40 వేల అవసరానికి 15 వేలు వదులుకుంటారు. చేతికొచ్చిన మిగతా 45 వేలు ఇంట్లో నిలుస్తాయా? వాయిదాలు మాత్రం చివరిదాకా కట్టాల్సిందే.

కొత్త టవర్ కొనుక్కోవాలని ఉంటే పెళ్లికి 3 వేల చొప్పున వేరే ఖాతాలో వేయండి. 20 పెళ్లిళ్లకు 60 వేలు. అంతదాకా ఆగలేకపోతే బ్యాంకులో ముద్ర పథకం కింద ఇచ్చే శిశు రుణం అడగండి. 50 వేల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. బిల్లు మీ స్టూడియో పేరు మీదే తీసుకోండి. లెక్కలు రాసి పన్ను కట్టేవారైతే కంప్యూటర్‌కు ఏడాదికి 40 శాతం తరుగుదల ఖర్చు కింద చూపించవచ్చు. కొన్న ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. లెక్కలు రాయకుండా, రాబడిలో ఇంత శాతం లాభం అని చూపే అంచనా లాభం పద్ధతిలో కట్టేవారికి ఇది విడిగా రాదు.

కొత్త టవర్ కోసం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బయలుదేరే ముందు మీ ఆల్-ఇన్-వన్ వెనక హెచ్‌డీఎంఐ ఇన్ అని రాసిన పోర్టు ఉందేమో చూడండి. ఉంటే అదే కొత్త టవర్‌కు స్క్రీన్‌గా పనికొస్తుంది, మానిటర్ ఖర్చు మిగులుతుంది. లేకపోతే దాన్ని కౌంటర్ దగ్గర పాస్‌పోర్ట్ ఫొటోలకు పెట్టుకోండి.