'కడపటి'లో కడప ఉందా?

'కడపటి' అనే మాట మన కడప పేరు నుంచి వచ్చిందా అని అడిగారు. లేదండీ. దానికి మూలం 'కడ', అంటే చివర. కడసారి, కడదాకా, కడగొట్టు బిడ్డ అన్నీ ఆ మాట సంతానమే. ఊరి పేరేమో 'గడప' నుంచి వచ్చిందంటారు. తిరుమలకు తొలి గడప దేవుని కడప అని మన వైపు నమ్మకం.

'కడ'కు చోటు, వైపు అనే అర్థాలూ ఉన్నాయి. ఆ+కడ అక్కడ, ఈ+కడ ఇక్కడ, ఏ+కడ ఎక్కడ. రోజుకు వందసార్లు వాడుతూనే గమనించం! అనంతపురం సరిహద్దు దాటితే కన్నడంలో 'కడె' అంటే వైపూ, చివరా రెండూ. తమిళంలో 'కడై'.

నాకు తమాషాగా తోచేది ఇంకోటి: 'కడతేరడం' అంటే తరించడం, 'కడతేర్చడం' అంటే మాత్రం పేపర్లో హత్యే.