ప్లంబరు సంగతి తర్వాత, ముందు ఆ అప్పు ఆపండి

ప్రశ్న: మాది అనంతపురం. నాలుగేళ్ల క్రితం పాత ఇల్లు కొన్నాం. నేను ప్రైవేటు జూనియర్ కళాశాలలో అధ్యాపకుణ్ని, జీతం 38,000. నా భార్య కుట్టుపనితో నెలకు 14,000 సంపాదిస్తుంది. ఇంటి రుణం వాయిదా 17,500, ఇంటి ఖర్చు 24,000, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే సిప్ 5,000 (మూడేళ్లుగా ఒక్క నెలా ఆగలేదు), నగల దుకాణం పథకానికి 3,000 పోతాయి. ఖాతాలో 9,000 ఉంది. బాత్‌రూము గోడ చెమ్మెక్కి, పక్క గదిలో పెచ్చులు ఊడుతున్నాయి. పదేళ్లుగా తెలిసిన ప్లంబరు జీఐ (జింకు పూత వేసిన ఇనుప పైపుల) లైను మొత్తం తీసి సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులు వేయాలని, సామానుతో 38,000 అవుతుందని, సగం ముందే ఇవ్వాలని అన్నాడు. బిల్లు, గ్యారంటీ ఉండవు. యాప్ ద్వారా వచ్చినతను 46,000 చెప్పాడు. బిల్లు, 30 రోజుల గ్యారంటీ ఇస్తారట. యాప్‌లోనే 12 నెలల వాయిదాలతో రుణం కూడా ఉంది: వడ్డీ 18 శాతం, నెలకు 4,523, ప్రాసెసింగ్ రుసుము జీఎస్టీతో కలిపి 1,628. వివరాలన్నీ ఇచ్చాను, అంగీకారం నొక్కడమే మిగిలింది. ఇద్దరిలో ఎవరితో చేయించుకోవడం మంచిది?

జవాబు: మాస్టారూ, ఆ అంగీకారం నొక్కకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

మీరు అడిగింది ప్లంబరు గురించి. దానికీ జవాబు చెబుతాను. కానీ మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది అందుకు కాదు. ఇద్దరు సంపాదిస్తున్నారు, మూడేళ్లుగా ఒక్క నెలా తప్పకుండా పొదుపు చేస్తున్నారు. అలాంటి ఇల్లు ఒక పైపు కారగానే అప్పు కోసం ఫోను తెరిచింది. ఒకరికి బోరు మోటారు కాలిపోతుంది, ఇంకొకరికి పంటికి రూట్ కెనాల్ పడుతుంది, మీకు పైపు కారింది. అందరి ఉత్తరాల్లోనూ పొదుపు ఉంటుంది, చేతికందే డబ్బు మాత్రం ఉండదు.

ముందు ఆ 18 శాతం సంగతి. అది ఫ్లాట్ వడ్డీ. మీరు నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా, వడ్డీని మాత్రం ఏడాది పొడవునా మొదటి రోజు నాటి 46,000 మీదే కడుతున్నారు. తగ్గుతున్న అసలు మీద లెక్క వేస్తే అది ఏడాదికి 32 శాతం దాకా తేలుతుంది. రుసుము కూడా కలిపితే 39 శాతం. మన వాడుక లెక్కలో నూటికి నెలకు మూడు రూపాయల పైన వడ్డీ! మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పైపులు వేయించానని స్టాఫ్ రూములో చెప్పుకోగలరా? వడ్డీ వ్యాపారి గడప తొక్కడానికి జంకే మనుషులే ఫోనులో అదే వడ్డీకి ఒప్పుకుంటున్నారు. అక్కడ చూసేవాళ్లు ఎవరూ ఉండరు కదా. రుసుములన్నీ కలిపిన వార్షిక రేటును రుణం ఇచ్చేముందే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే రుణ వివరాల పత్రంలో చూపాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ పత్రం తెరిచి చూడండి. అందులో ఆ రేటు కనిపించకపోతే, ఆ రుణదాతతో మీకు పనే లేదు.

మొత్తం కలిపితే మీ చేతి నుంచి పోయేది 55,904. మీ ప్లంబరు అడిగిన దానికన్నా దాదాపు 18,000 ఎక్కువ. పైగా మీ నెల లెక్కలో మిగిలేది 2,500 మాత్రమే. 4,523 వాయిదా ఎక్కడి నుంచి కడతారు? రెండో నెలకే ఇంటి ఖర్చులో కోత, మూడో నెలకు ఆటో డెబిట్ (వాయిదా ఖాతా నుంచి దానంతటదే కోసుకునే ఏర్పాటు) బౌన్సు, దాని మీద బ్యాంకు జరిమానా.

ఇంతకీ మీ దగ్గర డబ్బు లేదా? ఉంది. మూడేళ్ల సిప్ అంటే మీరు పెట్టినదే 1,80,000. అది ముట్టకూడదని పక్కన పెట్టి, 39 శాతానికి అప్పు చేయబోతున్నారు. సిప్ తెగకూడదన్నది మంచి అలవాటే, కానీ దాన్ని నోములా పట్టుకుంటే ఇలాగే అవుతుంది. ఆ ఫండ్ ఏటా 39 శాతం ఇస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందులోంచి 80,000 వెనక్కి తీసుకోండి. అమ్మకంలో పాత యూనిట్లే, అంటే మొదట్లో కొన్న ఫండ్ వాటాలే, ముందు పోతాయి. ఏడాది దాటిన వాటికి చాలా ఈక్విటీ (షేర్లలో పెట్టే) ఫండ్లలో ఎగ్జిట్ లోడ్, అంటే బయటికి తీసినప్పుడు కోసుకునే రుసుము, ఉండదు. ఈక్విటీ ఫండ్లపై దీర్ఘకాలిక లాభం ఏడాదికి 1.25 లక్షల దాకా పన్ను లేనిదే. కొన్ని పనిదినాల్లో డబ్బు ఖాతాలో పడుతుంది.

ఆ 80,000లో సగం ఇంటి మరమ్మతుకు. మిగతా సగం గురించి నేను ఎప్పుడూ మొత్తుకునే మాటే: అత్యవసర నిధి. తప్పనిసరి ఖర్చు, వాయిదా కలిపి మీకు నెలకు 41,500. ఆరు నెలలకు 2,49,000. అంకె చూసి బెంబేలు పడకండి, మొదటి నెల మొత్తం దాదాపుగా ఇప్పుడే చేతికొచ్చింది. దాన్ని జీతం పడే బ్యాంకులో కాకుండా ఇంకో బ్యాంకులో, డెబిట్ కార్డు తీసుకోని ఖాతాలో పెట్టండి. సిప్ కొన్నాళ్లు ఆపి, ఆ 5,000, నెలకు మిగిలే 2,500 కూడా అందులోకే పంపండి. పదకొండు నెలల్లో దాదాపు మూడు నెలల ఖర్చు పోగవుతుంది. అప్పుడు సిప్‌ను సగంతో మళ్లీ మొదలుపెట్టండి. నగల పథకం గడువు తీరాక కొత్తది కట్టకండి. దానికి బ్యాంకు డిపాజిట్‌కు ఉండే బీమా రక్షణ లేదు, పైగా అవసరానికి అది నగగానే వస్తుంది, నగదుగా రాదు.

మీకు ఈ నిధి మరీ ముఖ్యం అనడానికి కారణం ఉంది. ప్రైవేటు విద్యాసంస్థలు చాలా చోట్ల వేసవి జీతం సరిగా ఇవ్వవు, ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. మన జిల్లాలో బోర్లు అడుగంటేదీ, మోటార్లు కాలేదీ, ట్యాంకరు కొనాల్సి వచ్చేదీ ఆ రోజుల్లోనే. ఆదాయం తగ్గే నెలా, ఇల్లు డబ్బు అడిగే నెలా మీకు ఒకటే. పాత ఇల్లు కొన్నవాళ్లు వాయిదాతో పాటు నెలకు ఇంత అని మరమ్మతు ఖర్చు కూడా వేసుకోవాలి. బ్యాంకు ఆ మాట చెప్పదు.

మిగతా దారుల గురించి రెండు మాటలు. క్రెడిట్ కార్డులో వడ్డీ లేని వాయిదాలంటారు గానీ రుసుము, జీఎస్టీ తప్పవు. నిజంగా ఏ దారీ లేనప్పుడు బ్యాంకులో బంగారం మీద రుణం ఈ యాప్ కన్నా ఎన్నో రెట్లు నయం. ఇంటి బీమా లేకపోతే భారత్ గృహ రక్ష పాలసీ చూడండి. పైపు, ట్యాంకు పగిలి జరిగే నష్టానికి అది వర్తిస్తుంది, పాతబడి కారే పైపును మాత్రం మార్చి ఇవ్వదు.

ఇక ప్లంబరు. మీ పాత మనిషితోనే చేయించుకోండి. గోడ లోపలి పైపు లీకు 30 రోజుల్లో బయటపడాలన్న నియమం లేదు. రెండు వేసవుల తర్వాత చెమ్మ కనిపిస్తే పిలవగానే వచ్చేది ఊళ్లో ఉన్నవాడే. మన బోరు నీళ్లలోని సున్నం జీఐ పైపుల్లో ఎలా గడ్డకడుతుందో కూడా అతనికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. యాప్‌ను కుళాయి మార్చడానికి, ఫ్లష్ ట్యాంకు బాగుచేయించడానికి వాడుకోండి. ధర ముందే రాసి ఉండే చిన్న పనులకు అది సౌకర్యమే.

అయితే సగం డబ్బు అతని చేతిలో పెట్టకండి. అసలు లైను మొత్తం మార్చాలా అన్నది ముందు తేల్చుకోండి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటి మట్టం గుర్తు పెట్టి పొద్దున చూడండి. మరుసటి రాత్రి బాత్‌రూము వాల్వు కూడా మూసి చూడండి. మొదటి రోజు తగ్గిన మట్టం రెండో రోజు తగ్గకపోతే లీకు ఆ ఒక్క లైనులోనే ఉండవచ్చు, అప్పుడు ఖర్చు సగానికి సగం తగ్గినా ఆశ్చర్యం లేదు. సామాను మీరే అతన్ని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లి, మీ పేరున బిల్లుతో కొనండి. కూలి మూడు విడతలుగా ఇవ్వండి: పని మొదలైనప్పుడు కొంత, గోడ పూడ్చకముందే లైనులో ఒత్తిడి పెట్టి పరీక్షించాక కొంత, పలకలు అతికాక మిగతాది. పూడ్చేముందు పైపులు ఎక్కడెక్కడ పోయాయో ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఈ జవాబు చేరేలోపే ఒకవేళ అంగీకారం నొక్కేసి ఉంటే, రుణ పత్రంలో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే రుణం వద్దనుకుని వెనక్కి తగ్గే గడువు, ఎన్ని రోజులో చూడండి. ఆ లోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి ముందస్తు చెల్లింపు జరిమానా లేకుండా బయటపడవచ్చు. రుసుములో కొంత పోతే పోనివ్వండి. ఆటో డెబిట్ అనుమతి రద్దయిందో లేదో బ్యాంకు యాప్‌లో సరిచూసుకుని, రుణం మూసివేసినట్టు రాతపూర్వకంగా తీసుకోండి.