పెద్దరికం వాడు అడిగింది కాదు

మాది పర్లాకిమిడి. బాబుకి రెండేళ్ళ ఎనిమిది నెలలు, పాపకి ఐదో నెల. మావారికి రాయగడలో పని. శనివారం రాత్రి వస్తారు, సోమవారం తెల్లారి బస్సుకి వెళ్ళిపోతారు. ఇంట్లో నేనూ, మా అత్తగారూ. పాప పుట్టాక బాబు మారిపోయాడు. దాన్ని గిల్లుతాడు. నేను పాలిస్తుంటే తనకూ కావాలని రవిక లాగుతాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలెట్టాడు. "పెద్దోడివి కదా" అంటే ఇంకా ఏడుస్తాడు. మొన్న పాప కంట్లో వేలు పెట్టబోతే ఒక్కటిచ్చాను, చెంప మీద వేళ్ళు తేలాయి. రాత్రంతా నిద్ర లేదు. పాపకి ఉగ్గు పెట్టట్లేదని అత్తగారి సాధింపు ఒకటి. బాబు తెలుగూ ఒడియా కలిపేసి మాట్లాడుతున్నాడని మరో బెంగ. పాప పడుకున్నా నాకు కన్ను మూతపడదు, ఊరికే ఏడుపొస్తుంది. ఒక్కోసారి ఇద్దర్నీ వదిలేసి ఎటైనా పోవాలనిపిస్తుంది. నేను చెడ్డతల్లినా?
— ఒక తల్లి

అమ్మా, చెడ్డతల్లికి రాత్రంతా మెలకువ ఉండదు. ఆ మాట అక్కడ వదిలేద్దాం.

పాప పుట్టిన రోజున మీ ఇంట్లో అందరూ కలిసి ఆ గుంటడికి పెద్దరికం కట్టబెట్టేశారు. వాడు అడగలేదు. ముందు రోజు వరకూ మీ పక్కలో పడుకున్నవాడు నానమ్మ పక్కకి మారాడు. ఒళ్ళో మరొకరు చేరారు. వచ్చిన చుట్టాలందరూ వాణ్ణి దాటుకుని ఉయ్యాల దగ్గరికే వెళ్ళి ఉంటారు. ఇంకా మూడేళ్ళు నిండని వాడికి "అమ్మా, నన్ను మర్చిపోయావా" అని అడగడం రాదు. గిల్లడం వచ్చు, పక్క తడపడం వచ్చు. చెల్లో తమ్ముడో పుట్టాక పిల్లలు ఇలా కొన్నాళ్ళు వెనక్కి వెళ్ళడం చాలా ఇళ్ళలో ఉన్నదే. మా ఇంట్లో ఒకడైతే చంటిదాని ఉయ్యాలెక్కి కూర్చుని, అన్నం అందులోనే పెట్టమన్నాడు. పెట్టాం. మూడో రోజుకి వాడికే విసుగొచ్చి దిగాడు.

పాలు కావాలన్నాడా, "ఛీ, సిగ్గులేదా" అనకండి. ఒకసారి రానివ్వండి. చాలామంది పిల్లలు నోరు పెట్టి చూసి, ఇంతేనా అన్నట్టు ఆటకి పోతారు. మీకు ఇష్టం లేకపోతే పాపకి పాలిచ్చేటప్పుడు ఒక పక్కన వాణ్ణి ఆనుకుని కూర్చోబెట్టుకోండి. చేతిలో మరమరాల గిన్నె పెట్టండి.

ఇంకొకటి చేసి చూడండి. రోజూ వాడితో "ఆగు, చెల్లికి పాలిచ్చి వస్తా" అంటుంటారు కదా. అదే మాట ఒక్కసారి పాపతో అనండి, వాడికి వినిపించేలా: "ఆగవే తల్లీ, అన్నయ్యకి అన్నం పెట్టి వస్తాను." పాపకి ఏమీ తెలియదు. వాడి ముఖం మాత్రం చూడండి.

వాడు పాప మీద చెయ్యి ఎత్తినప్పుడు ఆ చెయ్యి పట్టుకుని "కొట్టనివ్వను" అనండి, చాలు. ఉపన్యాసం వాడి తలకెక్కదు. ఇద్దర్నీ ఒంటరిగా ఒకే గదిలో వదలకండి, గిన్నెలు తోముకునే ఐదు నిమిషాలైనా సరే. పక్క తడిపితే మాట్లాడకుండా దుప్పటి మార్చండి. మూత్రం పోసేటప్పుడు ఏడిస్తే, మాటిమాటికీ పోస్తున్నా, జ్వరం ఉన్నా మాత్రం డాక్టరుకి చూపించి పరీక్ష చేయించండి.

కొట్టిన సంగతి. అది తప్పే, కాదని నేను అనను. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని "అమ్మ నిన్ను కొట్టింది. నీకు నొప్పి పుట్టింది. తప్పు అమ్మదే" అని చెప్పండి. "నువ్వలా చేశావు కాబట్టి" అని తోక తగిలించకండి. మళ్ళీ మీ చెయ్యి లేవబోతే పాపని కింద చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, దిండ్లు తీసేసి, వాడి చెయ్యి పట్టుకుని వీధి గుమ్మంలోకి వచ్చేయండి. పాప రెండు నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు.

ఉగ్గు విషయంలో మీ అత్తగారు తొందరపడుతున్నారు, అంతే. ఆరు నెలలు నిండేవరకూ తల్లిపాలు చాలు, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. ఆరు నిండాక ఆవిడ చేసే బియ్యం, పెసరపప్పు ఉగ్గే బంగారం. మీ అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండి కూడా అప్పటి నుంచి పనికొస్తుంది. పాలు మాత్రం రెండేళ్ళ వరకూ మానక్కర్లేదు. తేనె ఏడాది లోపు నాలుకకి తగలనివ్వద్దు, అందులో ఉండే ఒక రకం క్రిమి పసిపేగుల్లో పెరిగి విషం పుట్టిస్తుంది. వస రాయడమూ వద్దు. ఇవన్నీ కోడలు చెబితే పేచీ అవుతుంది. ఆశా దిది పిల్లల్ని చూడ్డానికి మూడో నెల, ఆరో నెల ఇంటికి రావాలి కదా, ఆవిడ చేత చెప్పించండి. మొదటి ముద్ద అత్తగారి చేతే పెట్టించండి, గిన్నె పట్టుకునే ఉద్యోగం బాబుకివ్వండి.

భాష గురించి బెంగ వద్దు. 1936లో ఒడిశా వేరుపడ్డ నాటి నుంచీ మీ ఊళ్ళో పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియాతోనే పెరిగారు. "పాణి తాగుతా" అన్నాడంటే రెండు మాటలు అతికించడం వచ్చినట్టే. వాడికి ఎన్ని మాటలు వచ్చాయో లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి. పిలిస్తే పలకకపోతేనో, మాటలు అసలే అతికించకపోతేనో చెవులు పరీక్ష చేయించండి.

ఇక మీ సంగతి. నాకు అసలు దిగులు ఇక్కడే. పాప పడుకున్నా నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, ఎటైనా పోవాలనిపించడం అలసట కిందకి తోసేయకండి. కాన్పు తర్వాత ఏడాది లోపు ఎప్పుడైనా మనసు ఇలా కుంగొచ్చు, దానికి మందూ ఉంది, మాటా ఉంది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా ఇలాగే ఉంటుంది. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, పాలిస్తున్నానని ముందే చెప్పండి, పాలిచ్చే తల్లులకి సరిపడే మందులున్నాయి. 14416 టెలి మానస్ నంబరు, మనసు బాగోనివాళ్ళతో మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సేవ, డబ్బులు పడవు, రాత్రయినా తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు. మిమ్మల్ని మీరు ఏమైనా చేసుకోవాలని గానీ, పిల్లల్ని ఏమైనా చేస్తానేమోనని గానీ అనిపిస్తే డాక్టరు కోసం ఆగకండి. ఆ క్షణమే అత్తగారిని లేపి, ఆ నంబరుకి ఫోన్ చేయించి, ఆసుపత్రికి వెళ్ళండి.

మీవారికి ఇదంతా తెలుసా? ఉత్తరంలో ఆయన గురించి బస్సు టైము తప్ప ఇంకేమీ రాయలేదు మీరు. ఆదివారం పొద్దున్న బాబు పని ఆయనది. స్నానం, టిఫిను అయ్యాక స్టేషన్‌కి తీసుకెళ్ళి గుణుపురం రైలు చూపించి తీసుకురమ్మనండి. వాళ్ళు తిరిగొచ్చేదాకా పాపకి పాలిచ్చి అత్తగారికి అప్పగించి, మీరు తలుపేసుకుని పడుకోండి. శనివారం ఆయన భోజనానికి కూర్చోకముందే ఈ కాగితం చదవమని చేతికివ్వండి.