లిఫ్టు వద్దన్న మెంబరు

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ మీటింగులో కొత్త లిఫ్టు తీర్మానానికి నేనొక్కడినే ఒప్పుకోలేదు. మినిట్స్ బుక్కులో నా పేరు పక్కన ‘డిసెంటింగ్ మెంబర్’ అని రాశారు. ఇది మర్యాదగా తిట్టడమా?
- ఒక పాఠకుడు, తణుకు

జవాబు: తిట్టేమీ కాదండీ, నిశ్చింతగా ఉండండి. నలుగురూ సరేనన్న నిర్ణయాన్ని కాదన్న మనిషికీ, అతని అభిప్రాయానికీ ముందు చేర్చే విశేషణం ‘డిసెంటింగ్’. ఊరికే పేచీ పెట్టేవాళ్లకు ఇంత మంచి మాట దక్కదు.

దీని విలువ కోర్టుల్లో తెలుస్తుంది. 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు అతని మీద నిఘా పెట్టి, రాత్రిళ్లు ఇంటికొచ్చి తలుపు కొట్టేవాళ్లు. ఆరుగురు జడ్జీల్లో నలుగురు ఆ రాత్రి రాకలు చెల్లవన్నారు గానీ, ప్రైవసీ అనే హక్కు రాజ్యాంగంలో లేదనేశారు. మన రాజమండ్రి మనిషి జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. ప్రైవసీ లేకుండా వ్యక్తి స్వేచ్ఛ ఎక్కడిదని విడిగా తీర్పు రాశారు. జస్టిస్ షా ఆయన వైపు నిలిచారు. అదీ డిసెంటింగ్ జడ్జిమెంట్ అంటే. ఆ రోజుకి అది ఓడిన మాటే. 2017లో తొమ్మిదిమంది జడ్జీలు పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చి, పాత తీర్పులో ఆ నలుగురి మాటను కొట్టేశారు.

ఇక వాడుక. ‘ఐ యామ్ డిసెంటింగ్ విత్ యూ’ అని మా స్టూడెంట్లు రాసేవాళ్లు. ఎర్ర ఇంకు అక్కడే అయిపోయేది. విశేషణంగా అయితే డిసెంటింగ్ ఒపీనియన్, డిసెంటింగ్ వాయిస్ అని నామవాచకానికి ముందు పెట్టండి. క్రియగా అయితే డిసెంట్ తర్వాత ‘ఫ్రమ్’ రావాలి. కూరలో ఉప్పు దగ్గర ఇంట్లో తేడా వస్తే మాత్రం ‘డిసగ్రీ’ చాలు. ‘డిసిడెంట్’ వేరే బాపతు: ముఖ్యమంత్రి మీద ఫిర్యాదు పట్టుకుని ఢిల్లీ ఫ్లైటెక్కే నాయకుడు. మన పత్రికలు ‘అసమ్మతి నేత’ అనేది ఆయన్నే.

పలికేటప్పుడు ‘సెం’ నొక్కండి, ‘డి’ని సాగదీయకండి. సాగదీస్తే ‘డీసెంట్’ అయిపోతుంది, అది పెద్దమనిషి తరహా.

ఒక సలహా: పేరొక్కటే కాక, ఎందుకు వద్దన్నారో కూడా మినిట్స్‌లో రాయించుకోండి. లిఫ్టు వాటా మాత్రం కట్టక తప్పదు. డిసెంటింగ్ మెంబరుకి డిస్కౌంటు ఉండదు.