పాయింట్‌కి 95 అడగడానికి మొహమాటం ఎందుకు

చిన్నా,

నీ మెయిల్ చదివాను. డిస్నీ వెకేషన్ క్లబ్‌లో, అంటే ఏటా వచ్చే పాయింట్లతో డిస్నీ రిసార్ట్‌లలో గదులు తీసుకునే క్లబ్‌లో, సరటోగా స్ప్రింగ్స్ రిసార్ట్‌ది 160 పాయింట్ల కాంట్రాక్ట్‌ని ఒక ఓనర్ అమ్ముతున్నారు, పాయింట్‌కి 115 డాలర్లు అడుగుతున్నారు. నువ్వు 95 ఇస్తానందామని చూస్తున్నావు. కోడలేమో "మరీ అంత తక్కువంటే అవతలివాళ్ళు ఏమనుకుంటారు" అంటోంది. మనింట్లో అందరికీ ఉన్న మొహమాటమే అది. 95 అడుగు, తప్పేం లేదు. కాకపోతే ఆ 95 ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి నీ దగ్గర లెక్క ఉండాలి. "115 అంటే 20 తగ్గించి అడిగితే మధ్యలో ఎక్కడో తెగుతుంది" అన్నది లెక్క కాదు.

ముందు బ్రోకర్ సంగతి. ఆయన నీ మనిషీ కాదు, పూర్తిగా అమ్మేవాళ్ళ మనిషీ కాదు. ఫ్లోరిడా చట్టంలో బ్రోకర్‌ని మామూలుగా రెండు పక్షాలకీ మధ్యవర్తి కిందే లెక్కేస్తారు. వచ్చిన ప్రతి ఆఫర్‌నీ ఆలస్యం చేయకుండా అమ్మేవాళ్ళకి చూపించడం ఆయన బాధ్యత. ఫలానా ధరకంటే తక్కువైతే నాకు చెప్పొద్దని అమ్మేవాళ్ళు ముందే రాతపూర్వకంగా ఇచ్చి ఉంటే తప్ప, నీ 95ని ఆయన తన దగ్గరే ఆపేయడానికి లేదు. ఇక ఆయన లాభం చూడు. కమీషన్ ఇచ్చేది అమ్మేవాళ్ళు. అది పది శాతం అనుకుందాం. 115కి అమ్ముడైతే మొత్తం 18,400, ఆయనకి 1,840. 95కి అయితే 15,200, ఆయనకి 1,520. తేడా 320 డాలర్లు. అసలు అమ్ముడే కాకపోతే సున్నా. కాబట్టి నీ తక్కువ ధర ఆయన్ని పెద్దగా బాధపెట్టదు. ఆయనకి చిరాకు తెప్పించేది వేరే ఉంది: సరే అన్నాక ఫోనెత్తనివాళ్ళు, ఒకేసారి ఐదింటికి ఆఫర్ పెట్టి రెండు ఒప్పుకోగానే మాయమయ్యేవాళ్ళు. నువ్వు వాళ్ళలో చేరకపోతే చాలు.

ఇప్పుడు నీ 95 లెక్క. లిస్టింగ్ ఇంకోసారి చదివావా? జూన్ యూస్ ఇయర్, అంటే ఏటా కొత్త పాయింట్లు జూన్‌లో వస్తాయి; ఈ ఏడాది పాయింట్లు మొత్తం వాళ్ళే వాడేసుకున్నారు. వచ్చే జూన్ దాకా నీకు ఒక్క పాయింటూ రాదు. ఇలాంటివాటినే స్ట్రిప్డ్ అంటారు. ఆ లోటుకి వేరే ఓనర్ల దగ్గర పాయింట్లు అద్దెకి తీసుకుంటే పాయింట్‌కి 20 డాలర్ల దాకా అవుతుందనుకో. పాయింట్లు రాని ఏడాదికి మెయింటెనెన్స్, అంటే రిసార్ట్ నిర్వహణకి ఓనర్లు ఏటా కట్టేది, నువ్వు కట్టవు కాబట్టి అందులో పాయింట్‌కి ఎనిమిదిన్నర తీసెయ్. మిగిలింది పదకొండున్నర. అంటే పాయింట్లు ఖాళీ అయిన కాంట్రాక్ట్‌కి 95 ఇవ్వడం, ఈ ఏడాది పాయింట్లు ఉన్నదానికి 106న్నర ఇవ్వడంతో సమానం. కోడలికి ఈ లెక్క చూపించు. ఇది అవమానించే ధర కాదు, సరిగ్గా కట్టిన ధర.

ఇదే 115 ఇంకోచోట చవక కూడా కావచ్చు. పోయినేడు పాయింట్లు బ్యాంక్ చేసి, అంటే వాడకుండా తర్వాతి ఏడాదికి దాచి, వాటి మెయింటెనెన్స్ కట్టేసి, ఈ ఏడాదివి కూడా ముట్టుకోకుండా అమ్మేవాళ్ళుంటారు. 160 పాయింట్లు అదనంగా వస్తున్నాయంటే, అద్దె లెక్కన 3,200 డాలర్ల విలువ. అలాంటిదానికి 115 అడిగితే బేరం గురించి ఎక్కువ ఆలోచించకు, ఒకటి రెండు డాలర్లు అటూ ఇటూ చూసి తీసుకో. నువ్వు ఆలోచిస్తూ కూర్చుంటే మధ్యాహ్నానికి ఇంకొకరు ఎగరేసుకుపోతారు. తక్కువ ధర అడగడం ప్రతి లిస్టింగ్‌కీ పనికొచ్చే మంత్రం కాదు, ఏది దానికి లొంగుతుందో గుర్తుపట్టడంలోనే ఉంది నేర్పంతా.

ఏవి లొంగుతాయంటే, రెండు మూడు నెలల నుంచి అలాగే పడి ఉన్నవి. ఇప్పటికే ఓసారి ధర తగ్గించినవి. పెద్దవి, అంటే 250, 300 పాయింట్లు దాటినవి. ఒకేసారి అంత డబ్బు పెట్టేవాళ్ళు తక్కువ కాబట్టి వాటికి పాయింట్ ధర ఎప్పుడూ కాస్త కిందే ఉంటుంది. 25, 50 పాయింట్ల చిన్నవాటి దగ్గర మాత్రం నీ బేరం సాగదు. ఉన్నదానికి కొంచెం కలుపుకుందామని చూసే పాత ఓనర్లు వాటికోసం కాచుకుని ఉంటారు. యూస్ ఇయర్ కలిస్తే ఇంకా ఎక్కువ ఇచ్చి మరీ కొంటారు. ఏడాది చివర కూడా చూస్తూ ఉండు. జనవరిలో మెయింటెనెన్స్ బిల్లు వస్తుంది. ఇంకో ఏడాది కట్టడం ఇష్టంలేనివాళ్ళు అప్పుడు మెత్తబడతారు. అమ్మేవాళ్ళు వేరే దేశంలో ఉంటే నోటరీ దగ్గరా, అమెరికా పన్ను కింద పట్టుకునే 15 శాతం దగ్గరా ఆలస్యమవుతుంది. చాలామంది కొనేవాళ్ళు ఆ తలనొప్పి ఎందుకని తప్పుకుంటారు. నీకు తొందర లేకపోతే అక్కడ బేరానికి చోటుంది.

ఎందుకు అమ్ముతున్నారని బ్రోకర్‌ని ఒకసారి అడుగు, చెబితే విను. విడాకులో, పెద్దాయన పోయాక పిల్లలు పంచుకోవడమో, ఏదో ఒకటి ఉంటుంది. ఆ కష్టాన్ని నీ మెయిల్‌లో మాత్రం ఎత్తకు. "మీకు అర్జెంట్ అని విన్నాను" లాంటి మాట రాస్తే ఆ ధరకి ఒప్పుకునేవాళ్ళు కూడా ఒప్పుకోరు.

మెయిల్ నాలుగు వాక్యాలు చాలు. పాయింట్‌కి 95, మొత్తం 15,200. అప్పు లేకుండా సొంత డబ్బు. క్లోజింగ్ ఖర్చులు, అంటే కాంట్రాక్ట్ నా పేరుకి మార్చే ఖర్చులు, నేనే పెట్టుకుంటాను, మెయింటెనెన్స్ నాకు పాయింట్లు వచ్చే ఏడాది నుంచి కడతాను. ఒప్పుకుంటే అదే రోజు సంతకం చేసి డిపాజిట్ పంపుతాను. అంతే. కాంట్రాక్ట్‌లో లోపాలు ఏకరువు పెట్టకు. అది వాళ్ళు పిల్లల్ని తీసుకుని ఏళ్ల తరబడి తిరిగిన చోటు, దాన్ని నువ్వు తక్కువ చేసి మాట్లాడితే నొచ్చుకుంటారు. నీ ధర తక్కువగా ఉండొచ్చు, నీ మాట ఉండకూడదు.

కోఠిలో బేరమాడుతూ నాలుగడుగులు వేస్తే కొట్టువాడు "రండి సార్, మీ మాటే కానివ్వండి" అని వెనక్కి పిలుస్తాడు. ఇక్కడ ఆ పిలుపు రాదు, వచ్చినా నెల తర్వాత వస్తుంది. అందుకే వాళ్ళు కాదంటే "పర్వాలేదు, మనసు మారితే నా ఆఫర్ ఇంకా ఉంది, చెప్పండి" అని బ్రోకర్‌కి ఒక ముక్క రాసి పక్కన పెట్టు. ఈలోగా నీకు ఇంకోటి కుదిరితే ఆ ఆఫర్ లేదని వెంటనే చెప్పెయ్యి.

వాళ్ళు 108 అని తిరిగి పంపితే మధ్యలో చీల్చి 101న్నర అనడం మనకి అలవాటు. అలా చేయకు. వాళ్ళు 130 అడిగి ఉంటే మధ్య ఇంకా పైనుండేది కదా. నీ లెక్క ఎక్కడ ఆగిందో అక్కడే ఆగు. 98 దాకా వెళ్ళగలిగితే 98 అని ఒక్కసారే చెప్పు. లేదా ధర కదపకుండా ఇంకేదైనా మార్చు: క్లోజింగ్ తేదీ వాళ్ళకి వీలైనట్టు పెట్టు, వాళ్ళు ఇప్పటికే బుక్ చేసుకున్న ట్రిప్ ఏదైనా ఉంటే అది అయ్యాకే క్లోజ్ చేద్దామను. కొందరికి మూడు డాలర్లకంటే ఆ ట్రిప్ ముఖ్యం.

ఇక డిస్నీ. మీరిద్దరూ ఒప్పుకున్నాక కూడా కాంట్రాక్ట్ నీది కాదు. అదే ధరకి, అదే షరతులకి తానే కొనుక్కునే హక్కు డిస్నీకి ఉంది. ఆర్‌ఓఎఫ్‌ఆర్ (రైట్ ఆఫ్ ఫస్ట్ రిఫ్యూజల్) అంటారే, అదే. దాదాపు నెల రోజులు ఆగాలి. తనే కొత్తగా అమ్మే పాయింట్ 200 డాలర్లు దాటుతున్నప్పుడు, 95కి దొరికేదాన్ని వెనక్కి తీసుకుని మళ్ళీ అమ్ముకోవడం డిస్నీకి మంచి వ్యాపారం. కొన్ని నెలలు వరసగా లాగేసుకుంటుంది, కొన్ని నెలలు ఏదీ ముట్టుకోదు. రిసార్ట్‌ని బట్టి కూడా మారుతుంది. ఈ మధ్య సరటోగాలో ఏ ధరవి వదిలేసింది, ఏవి తీసుకుంది అన్నది కొన్నవాళ్ళని కనుక్కో.

దీని గురించి బ్రోకర్ "ఇంత తక్కువైతే డిస్నీ తీసేసుకుంటుంది" అంటాడు. నిజమే కావచ్చు. కానీ ఒకటి గమనించు, డిస్నీ తీసుకున్నా అమ్మేవాళ్ళకి అవే 15,200 వస్తాయి. కాబట్టి వాళ్ళు నీ ఆఫర్ కాదనడానికి అది కారణం కాదు. నీ డిపాజిట్ కూడా నీకు పూర్తిగా తిరిగొస్తుంది. పోయేది నీ నెల రోజులు మాత్రమే. ఈ వేసవి ట్రిప్‌కి పాయింట్లు కావాలని కూర్చుంటే ఆ నెల ఖరీదైనదే, అప్పుడు మూడు నాలుగు డాలర్లు పెంచు. నీకు ఎలాగూ వచ్చే జూన్ దాకా పాయింట్లు లేవు, టెన్షన్ ఎందుకు?

అడిగే ధరల్ని నమ్మొద్దు, అమ్మిన ధరల్ని నమ్ము. డిస్నీ వరల్డ్ కాంట్రాక్టుల డీడ్‌లు, అంటే యాజమాన్య దస్తావేజులు, ఆరెంజ్ కౌంటీ రికార్డుల్లో ఎవరైనా చూడొచ్చు. ఫ్లోరిడాలో డీడ్ మీద ప్రతి 100 డాలర్లకి 70 సెంట్లు స్టాంప్ పన్ను. పన్ను 106.40 అని ఉంటే అది 15,200కి అమ్ముడైందన్నమాట. డీడ్‌లో పాయింట్లు రాయరు, యూనిట్‌లో వాటా శాతం రాస్తారు, కాబట్టి పాయింట్ ధర తేల్చడానికి కాస్త బుర్ర పెట్టాలి. ఇంజనీర్‌వి కదా, ఓ ఆదివారం కూర్చో.

చవకగా కనిపించే ఇంకొన్ని రిసార్ట్‌ల గురించి అడిగావు. వీరో బీచ్ పాయింట్ ధర తక్కువే, మెయింటెనెన్స్ మాత్రం మొత్తం క్లబ్‌లోనే పైన ఉంటుంది. బీచ్ క్లబ్, బోర్డ్‌వాక్ కాంట్రాక్టులు 2042 జనవరితో అయిపోతాయి, సరటోగా 2054 దాకా ఉంటుంది. వాటిలో పాయింట్ 75కి కొంటే పదిహేనేళ్ల పాయింట్లు, అంటే ఏడాదికి 5 డాలర్లు, 95కి ఇరవై ఏడేళ్లంటే మూడున్నర. బోర్డ్‌వాక్‌లోనే ఉండాలని, ఆ రిసార్ట్ ఓనర్లకిచ్చే ముందస్తు బుకింగ్‌లో పదకొండు నెలల ముందే గది పట్టాలని కోరిక ఉంటే ఆ ఎక్కువ ఇవ్వడంలో అర్థముంది. ఊరికే చవకని కొంటే లేదు. రివియెరా అనే ఇంకో డిస్నీ రిసార్ట్ ఉంది, దాన్ని రీసేల్‌లో, అంటే పాత ఓనర్ల దగ్గర, అయితే అసలు కొనొద్దు. 2019 జనవరి 19 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం రీసేల్‌లో కొన్న రివియెరా పాయింట్లు రివియెరాలో తప్ప ఇంకెక్కడా చెల్లవు. సరటోగా రీసేల్‌తో కూడా నువ్వు రివియెరాకి వెళ్ళలేవు, ఆ సంగతి కోడలికి ముందే చెప్పు.

ఒకటి మాత్రం మనసులో పెట్టుకో. బేరంలో నువ్వు మిగిల్చేది 3,200. పాయింట్‌కి ఎనిమిదిన్నర లెక్కన ఏటా 1,360 మెయింటెనెన్స్, అది ఒక్క డాలర్ పెరగకపోయినా ఇరవై ఏడేళ్లకి 36,720. పెరగకుండా ఉండదు. ఏటా వెళ్తామా అన్నది మీరిద్దరూ ముందు తేల్చుకోండి, ఆ తర్వాతే 95కీ 98కీ తేడా చూడండి. అప్పు చేసి మాత్రం కొనకండి, ఆ వడ్డీ నీ బేరం మొత్తాన్ని మింగేస్తుంది.

ఎవరైనా ఫోన్ చేసి ముందు ఫీజు కట్టమంటే ఫోన్ పెట్టెయ్యి. నీ డిపాజిట్ వెళ్ళాల్సింది పేరు మార్పు పనులు చూసే టైటిల్ కంపెనీ ఎస్క్రో ఖాతాకి, అంటే అమ్మకం పూర్తయ్యేదాకా డబ్బు పట్టి ఉంచే ఖాతాకి, బ్రోకర్ జేబుకి కాదు. డబ్బు పంపేముందు ఖాతా వివరాలు మెయిల్‌లో వచ్చినవి నమ్మకుండా, వాళ్ళ ఆఫీసుకి నువ్వే ఫోన్ చేసి సరిచూసుకో.

ఆఫర్ రేపే పంపు. ఒప్పుకుంటే, డిస్నీ వదిలేస్తే, ఎస్టాపెల్ అని ఒక కాగితం వస్తుంది, అందులో అసలు పాయింట్లు ఎన్ని ఉన్నాయో, మెయింటెనెన్స్ బాకీ ఏమైనా ఉందో ఉంటుంది. అది నాకు కూడా పంపు. లిస్టింగ్‌లో చెప్పినట్టే ఉందో లేదో చూసి చెబుతాను, అప్పటిదాకా మిగతా డబ్బు పంపొద్దు. పెద్దమ్మ పిల్లల్ని అడిగానని చెప్పమంది.

మీ పెదనాన్న